కల్లుప్పు

గాజుపలక మీద వేలు పెట్టమన్నారు.
పెట్టినా.
ఎర్రలైటు.
"తుడుచుకో" అన్నాడు కౌంటరులో పిల్లోడు.
అబాయాకు తుడిచి మళ్ళీ పెట్టినా.
ఎర్రలైటు.
పది వేళ్ళూ అయిపోయినాయి,
పదీ ఒకటే మాట చెప్పినాయి:
ఈమె ఎవరో మాకు తెలీదు.

మా అవ్వ ఓబులమ్మకు
రేషను కార్డుకైనా, బ్యాంకు కాగితానికైనా
బొటనవేలే దిక్కు.
సిరా అంటిన వేలు తలకు రుద్దుకుంటా
"నువ్వన్నా సంతకం నేర్చుకోవే" అనేది.
నేర్చుకుంటి.
ఎం. రెడ్డెమ్మ, కింద ఒక వంకర గీత.
ఆ గీత కోసం పలక మీద ఎన్ని దినాలు అరగదీసినానో!
కువైట్‌లో దాన్ని అడిగే దిక్కు లేదు.
అవ్వ సిగ్గుపడిన వేలే కావాలంట వీళ్ళకు.
అది నా దగ్గర లేదు.

పదకొండేండ్లు, సాల్మియాలో మూడంతస్తుల ఇల్లు,
ఏడు బాత్రూములు.
గచ్చుకు నీలం డబ్బా, దొడ్డికి పచ్చ డబ్బా,
పొయ్యికి నురగ కక్కేది ఇంకొకటి,
నా ఒంటికి మేడం పారేసిన సీసాల అడుగులు.
ఏ గీత ఏ తూములో పోయిందో
ఎట్ల చెప్పేది?

"మళ్ళీ మొలుత్తాయే" అంది రాజోలు సువార్తమ్మ,
"ఆ డబ్బాల జోలికెళ్ళకు."
మొలిచేదానికి అవేమన్నా వరినారా అంటే
తన అరచెయ్యి చూపించింది.

గ్లౌజులు నా డబ్బుతోనే కొనుక్కున్నా.
నీలం డబ్బా ఒంపేసి సిర్కా పోసినా, నిమ్మచెక్కలు పిండినా.
మూత దగ్గర మాత్రం పాత మందు నాలుగు చుక్కలు.
మేడం ముక్కుకు
శుభ్రమంటే ఆ వాసనే మరి.

శుక్రవారం ముబారకియా సంతలో
జైతూను సబ్బు, ఇటుక పెళ్ళ మాదిరి.
నురగా లేదు, సెంటూ లేదు.
రేటు విని కింద పెట్టినా,
నాలుగంగళ్ళు తిరిగొచ్చి తీసుకున్నా.
పక్కన గోతంలో పచ్చటి పొడి.
"సిదర్, తలకు" అన్నాడు అంగడాయన.
వాసన చూస్తిని కదా,
మా మేకలు ముళ్ళు తప్పించుకుంటా కొరికే రేగాకు!
నాకంటే ముందునుంచీ ఇక్కడే కాపురముంది,
ఇంకో పేరు పెట్టుకుని.

సువార్తమ్మ తెచ్చిన కుంకుళ్ళు గుప్పెడు
రాత్రే నానబెట్టినా, టీ కాచుకునే గిన్నెలో.
మిద్దె మీద గది, బకెట్టు, ఉడుకు నీళ్ళు.
తలంటేటప్పుడు అవ్వ
నోట్లో కల్లుప్పు పెట్టేది,
"చప్పరిస్తా ఉండు, కళ్ళు మండవు."
ఈ ఇంట్లో కల్లుప్పు లేదు,
పొడి ఉప్పే.
చిటికెడు నాలిక మీద వేసుకున్నా.
కళ్ళు మండినాయి.
ఉప్పు తప్పో, అవ్వ మాట తప్పో,
లేదంటే ఊరికే ఏడుపొచ్చిందో.
చానాసేపు నీళ్ళు పోసుకున్నా.

నలభైయొకటో దినం
కిటికీ వెలుగులో వేళ్ళు తిప్పి చూసుకుంటే
తొమ్మిదీ నున్నగానే ఉండాయి.
ఎడమ చేతి ఉంగరపు వేలు మీద మాత్రం
ఇసకలో గాలి గీసినట్టు
సన్నగా, చుట్టలు చుట్టలుగా.
ఉంగరం అమ్మి టికెట్టు కొన్న వేలది.

గాజుపలక మీద పెట్టినా.
ఊపిరి బిగబట్టి
కౌంటరు పిల్లోని మొగం చూస్తా ఉండా.
పచ్చలైటు వాని కళ్ళద్దాల్లో కనపడింది.
"చాల్లే, పో" అన్నాడు.

ఇంటికొస్తే మేడం కొత్త డబ్బా తెచ్చిపెట్టింది.
దాని మీద ఆకు బొమ్మ,
ఆకు మీద మంచు బొట్టు.
"అంతా న్యాచురల్, నీకోసమే" అంది.
మూత తిప్పినా.
ముక్కు పగిలే పాత వాసన.

ఆకు బొమ్మ బాగా వేసినారు.
గ్లౌజులు తొడుక్కున్నా.